కోచ్‌కి వస్తానని చెప్పాక అబ్బాయి మనసు మారితే

తమ్ముడూ, నీ మెసేజ్ రాత్రి రెండుసార్లు చదివాను. మీవాడు పదకొండో గ్రేడ్‌లో ఉండగానే ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌కి వస్తానని చెప్పేశాడు, ఆ కాలేజీ జెర్సీ వేసుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కూడా పెట్టాడు, ఇప్పుడు పన్నెండులోకి వచ్చాక అక్కడికి వెళ్లనంటున్నాడు. మాట తప్పితే కేసు పెడతారా, మా హెచ్1 మీద ఏమైనా పడుతుందా, ఇంకే కాలేజీ అయినా వీణ్ని రానిస్తుందా అని అడిగావు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. కేసూ ఉండదు, నీ వీసాకీ దీనికీ సంబంధమూ లేదు.

నోటితో చెప్పిన కమిట్‌మెంట్ ఎవరినీ కట్టిపడేయదు. పిల్లాడు మానుకోవచ్చు, కోచ్ కూడా మానుకోవచ్చు. ఈ రెండోది మనవాళ్లకి తట్టదు, కోచ్ ఇస్తానన్న స్కాలర్‌షిప్ కూడా కాగితం మీదికి ఎక్కేదాకా ఉత్త మాటే. మనకేమో మాట ఇచ్చామంటే తాంబూలాలు పుచ్చుకున్నంత లెక్క కాబట్టి, సంబంధం చెడితే నలుగురిలో తలెత్తుకోలేమన్నట్టు కంగారు పడతాం. ఇక్కడ దీన్ని డీకమిట్ అవడం అంటారు, కోచ్‌లు ఏటా చూసేదే.

మిషిగన్ రాష్ట్రంలో నేనుండే కాంటన్ నుంచి ఇప్సిలాంటి అనే ఊరు ఇరవై నిమిషాలు. ఎమోనీ బేట్స్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆ ఊరి పిల్లాడే. తొమ్మిదో గ్రేడ్‌లోనే, 2019లో, లింకన్ హైస్కూల్‌ని రాష్ట్ర ఛాంపియన్‌గా నిలిపిన జట్టులో ముందున్నాడు, పదిహేనేళ్లకే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం ఎక్కాడు. 2020 జూన్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్తున్నానని టీవీలో ప్రకటించినప్పుడు, అక్కడ చదువుకున్న మా ఆఫీసువాళ్లు గ్రూప్‌లో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టారు. 2021 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గాడు. అవతల ఉన్నది టామ్ ఇజ్జో, 2000లో జాతీయ టైటిల్ గెలిచిన కోచ్, అయినా కోర్టు లేదు, నోటీసు లేదు. కుర్రాడు మెంఫిస్ యూనివర్సిటీకి వెళ్లాడు, వెన్ను దెబ్బతో అక్కడ 18 మ్యాచ్‌లే ఆడాడు, మరుసటి ఏడాది సొంతూరికొచ్చి ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో చేరాడు. ఆ జట్టు తరఫున మొదటిసారి దిగి, డెట్రాయిట్‌లో మిషిగన్ యూనివర్సిటీ మీద 30 పాయింట్లు కొడుతుంటే నేనూ మావాడూ సోఫా అంచున కూర్చుని చూశాం. ఎన్‌బీఏ ప్రొఫెషనల్ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 2023 డ్రాఫ్ట్‌లో 49వ వాడిగా క్లీవ్‌లాండ్ జట్టు తీసుకుంది. అప్పుడు వెనక్కి తగ్గడం వల్లే ఇంత కిందికి వచ్చాడని మా చుట్టుపక్కల చాలామంది అన్నారు, నేను ఒప్పుకోను. పదహారేళ్ల పిల్లాడు టీవీలో అన్న మాటని పెద్దవాళ్లు అంత గట్టిగా పట్టుకు కూర్చోవడం చూసి నాకు బాధేసింది.

సంతకం పెట్టాక మాత్రం లెక్క మారుతుంది, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. 1964 నుంచి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే కాగితం ఉండేది, దాని మీద సంతకం పెట్టి కాలేజీ ఒప్పుకోకుండా వేరేచోటికి వెళ్తే ఒక ఏడాది ఆట పోయేది. 2024 అక్టోబర్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆ స్థానంలో ఆర్థిక సాయం ఒప్పందం ఉంది, అది సంతకమైతే మిగతా కాలేజీలు మీవాడితో మాట్లాడటం ఆపేయాలి. దీనికి తోడు 2025 జులై 1 నుంచి పెద్ద కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇచ్చుకోవచ్చు, మధ్యలో వెళ్లిపోతే ఇంత కట్టాలని కొన్ని కాంట్రాక్టుల్లో రాసి ఉంటుంది. మీవాడు ఇవేవీ సంతకం చేయలేదని నువ్వే రాశావు, అయినా వాడి ఈమెయిల్ తెరిచి ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి. ఫోన్ మీద వేలితో గీసిందీ సంతకమే.

అసలు ఎందుకు వద్దంటున్నాడో అడిగావా? పిల్లలు పేరుకి కాలేజీ అంటారు గానీ, నిజానికి మాట ఇచ్చేది కోచ్‌కి. మైకేల్ పోర్టర్ జూనియర్ అనే ఆటగాడు వాషింగ్టన్ యూనివర్సిటీకి సంతకమే పెట్టాడు, వాళ్ల నాన్న అక్కడే అసిస్టెంట్ కోచ్, హెడ్ కోచ్ లొరెంజో రోమర్ ఆ కుటుంబానికి ఎంతో దగ్గరివాడు. 2017 మార్చిలో రోమర్‌ని తీసేశారు. కాలేజీ పిల్లాణ్ని ఆ సంతకం నుంచి విడిచిపెట్టింది, మిస్సోరి యూనివర్సిటీ వాళ్ల నాన్నకి ఉద్యోగం ఇచ్చింది, కొడుకూ అక్కడే చేరాడు. మీవాడి కోచ్ మారిపోయాడా, లేక మొదట చెప్పిన డబ్బు తగ్గించారా, లేక ఇంకో స్నేహితుడు వేరే కాలేజీకి వెళ్తున్నాడా? మొదటి రెండైతే వాడి పక్షాన నిలబడు. మూడోదైతే ఇంకో పదిరోజులు ఆగమను.

ఆ కాలేజీ డివిజన్ త్రీ, అంటే కాలేజీ ఆటల్లో మూడో అంచెది, అన్నావు కదా, ఆ డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, ఇచ్చేదంతా చదువుని బట్టో ఇంటి ఆదాయాన్ని బట్టో. హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ అంతే. అలాంటిచోట కోచ్‌లు తరచుగా ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటు వస్తే చేరి తీరతామనే షరతుతో ముందుగానే, అప్లై చేయమంటారు. దాని మీద పిల్లాడు, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు, సీటు వస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుంటామని ఒప్పుకున్నట్టే. ఇచ్చే సాయం చాలకపోతే బయటపడే వీలుంది గానీ, ఇష్టం పోయిందని బయటపడలేం. హెచ్4 వీసా (హెచ్1 వాళ్ల కుటుంబానిది) మీదున్న పిల్లలకి ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ సాయం రాదు కాబట్టి, పూర్తి ఖర్చు ఎంతో రాతపూర్వకంగా తెలిసేదాకా ఆ సంతకం పెట్టకు. మన కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఇప్పుడు నా ఇంటి సంగతి. మా పెద్దవాడు కూడా ఒక చిన్న కాలేజీకి సరే అని, మూడు నెలల తర్వాత వద్దన్నాడు. ఆ కోచ్ మంచి మనిషి, మా డ్రైవ్‌వేలో మంచు గడ్డకట్టి ఉంటే బూట్లతోనే నిలబడి వీడితో ఫ్రీ త్రోలు వేసి వెళ్లాడు. నేనేం చేశానంటే, తాతగారికి ఒంట్లో బాగాలేదు, దూరం పంపలేం అని వాడి పేరుతో ఈమెయిల్ రాసి సిద్ధం చేశాను. మా ఆవిడ చదివి లాప్‌టాప్ మూసేసింది. "వాడు మాట ఇచ్చాడు, వాడే చెప్పుకుంటాడు" అంది. వంటింట్లో బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాడే మాట్లాడాడు, ఒక చేత్తో టేబుల్ మ్యాట్ అంచు చుట్టుకుంటూ. చెప్పగానే అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కోచ్, ముందే చెప్పావు, థాంక్స్, ఇంకో అబ్బాయికి ఫోన్ చేసుకుంటాను అన్నాడు. అంతే, నాలుగు నిమిషాలు.

ఆ ఇంకో అబ్బాయి గురించే నీకు ఇంత రాస్తున్నాను. జట్టులో ఉండేది పదిహేను, ఇరవై మంది, మీవాడు వస్తాడని కోచ్ ఇంకొకరికి చోటు లేదని చెప్పి ఉంటాడు. మన మొహమాటం వల్ల నెల ఆలస్యమైతే ఆ పిల్లాడు ఇంకెక్కడో సరిపెట్టుకుంటాడు. ఫోన్ ఎత్తకుండా ముఖం చాటేయడం, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ పెట్టి కోచ్‌ని దాంట్లోనే తెలుసుకోనివ్వడం, దయచేసి చేయనివ్వకు. కోచ్‌లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, పద్ధతిగా తప్పుకున్నవాణ్ని తప్పుగా అనుకోరు.

వీసా సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. ఫీజుకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఉద్యోగం కాదు, హెచ్4లో తీసుకోవచ్చు. పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బు ఇస్తామనే ఎన్ఐఎల్ ఒప్పందాలు మాత్రం వేరు, 2021 నుంచి తోటి ఆటగాళ్లు తీసుకుంటున్నారు కదా అని మీవాడు ముచ్చటపడతాడు. పని అనుమతి లేని పిల్లాడు షూ షాపు ప్రకటనకి డబ్బు తీసుకున్నా చిక్కే. 21 నిండి స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారినా ఆ భయం అలాగే ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా పైసా ముట్టుకోవద్దని చెప్పు.

ఈసారి డివిజన్ వన్ లేదా టూ కాలేజీ అడిగితే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్లు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తారు. మీవాడు తొమ్మిది ఖమ్మంలో చదివాడన్నావు కాబట్టి ఆ స్కూల్ రికార్డు కావాలి, సంక్రాంతికి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పిపెట్టు. ఫోన్ మాత్రం ఈ వారంలోనే, ప్రాక్టీస్ లేని రోజు చూసి చేయించు. మాట్లాడాక కోచ్ ఏమన్నాడో నాకు రాయి.