హెడ్డు దించుతున్న మా అల్లుడికి

పర్లాకిమిడి

అల్లుడూ,

గుణుపురంలో ఆ పాత మూడు సిలిండర్ల ట్రాక్టరుకి రేడియేటర్లో బుడగలొస్తున్నాయని రాశావు. హెడ్డు, అదే సిలిండర్ల మీద మూత, దించు, తప్పదు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య పొర, ఆ గ్యాస్కెట్ ఒక్కటే కొనేసి ఊరుకోకు. దమ్ము చక్రాలతో రోజంతా తిరిగిన బండికి రేడియేటర్ జాలీ నిండా బురదా పొట్టూ ఉంటాయి. అది కడగకపోతే కొత్త గ్యాస్కెట్టూ కాలుతుంది.

ఇంజను బాగా చల్లారాకే నట్లు వదులు చెయ్యి, చివర్ల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా. వేడి మీద తీస్తే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. పుష్‌రాడ్లు, వాల్వులు వరస మారకుండా అట్టముక్కకి గుచ్చుకో.

హెడ్డు అడుగున మసి గీకాక మంచి స్టీలు బద్ద నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకీ ఆనించి, సందు కొలిచే ఫీలర్ రేకు దూర్చు. 0.10 మిల్లీమీటర్ల రేకు దూరిందా, లేతుకి పంపు. అయితే "బాగా కోసెయ్యి" అని మాత్రం అనకు. ముఖం తరిగేకొద్దీ వాల్వు తలలు పిస్టన్‌కి దగ్గరవుతాయి. కోయించాక వాల్వు తల ఎంత లోపలికి ఉందో కొలిచి మాన్యువల్‌తో సరిచూడు. సరిపోకపోతే వాల్వులు కూర్చునే సీట్లు లోపలికి కోయించాలి. రెండు సీట్ల మధ్య వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది పగులే. అక్కడ వెల్డింగు మాట నేను నమ్మను, వేరే హెడ్డు చూసుకో.

వాల్వులు గరుకు పేస్టుతో, తర్వాత మెత్తటి పేస్టుతో రుద్దు. సీటు చుట్టూ ఎక్కడా తెగని బూడిద రంగు పట్టీ రావాలి. పేస్టు రవ్వంత మిగిలినా వాల్వు కాడలు ఆడే గైడ్లు అరిగిపోతాయి, కిరోసిన్‌తో కడుగు. స్ప్రింగులు బిగించాక, గాలీ పొగా పోయే దారి, ఆ పోర్టులో కిరోసిన్ పోసి 5 నిమిషాలు చూడు. చుక్క కారితే మళ్ళీ రుద్దాల్సిందే.

బోల్టు రంధ్రాల్లో నూనె గానీ నీళ్ళు గానీ ఉంటే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది, హెడ్డు మాత్రం కూర్చోదు. ఒక్కోసారి బ్లాకే చీలుతుంది. గాలి కొట్టి ఆరబెట్టు. ఇంజెక్టర్ రంధ్రం అడుగున పాత రాగి వాషరు అంటుకుని ఉంటుంది, టార్చి వేసి చూసి పీకు. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ పైకి నిలిచి పొగ కక్కుతుంది.

బిగింపు మధ్య నుంచి చివర్లకి, 3 విడతల్లో, మాన్యువల్లో ఉన్న టార్క్‌కే. రెంచికి పైపు తొడగకు. డీజిల్ లైన్లో గాలి తీసి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, మాన్యువల్ చెప్పినట్టు మళ్ళీ టార్క్ చూడు. టాపెట్లు, అంటే వాల్వుల గ్యాపు, ఆ తర్వాత మరోసారి పెట్టాలి. హెడ్డు కూర్చునే కొద్దీ గ్యాప్ తగ్గి, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

మీ మావయ్య