డాక్టర్‌కు నొప్పిని ఇంగ్లిషులో ఎలా వివరించాలి?

అన్నిటికీ ‘పెయిన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. నొప్పి ఏ రకమో చెబితే కారణం ఎక్కడ వెతకాలో డాక్టర్‌కు సగం తెలిసినట్టే. 1975లో మనస్తత్వవేత్త రోనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన, నొప్పిని అంచనా వేసే మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలే 78 ఉన్నాయి. మనకు అన్నీ అక్కర్లేదు.

పుచ్చిన పన్ను గుండె కొట్టుకున్నట్టు లయగా సలుపుతుంటే ‘థ్రాబింగ్’. కత్తితో పొడిచినట్టు పోటు వస్తే ‘స్టాబింగ్’. నడుము నుంచి పిరుదు మీదుగా కాలిలోకి జివ్వున పాకితే ‘షూటింగ్’. సయాటికా (నడుము నుంచి కాలిలోకి వెళ్లే నరం నొప్పి) ఉన్నవారు తరచూ చెప్పేది ఇదే. కాళ్లు పీకుతుంటే ‘డల్ ఏక్’, కడుపులో మెలిపెడితే ‘క్రాంపింగ్’, మంటయితే ‘బర్నింగ్’. గొంతు నొప్పికీ, బరువులు మోసిన మర్నాటి ఒళ్లునొప్పులకూ ‘సోర్’ సరిపోతుంది.

తిమ్మిరి దగ్గర మాత్రం జాగ్రత్త. సూదులు గుచ్చినట్టుంటే ‘టింగ్లింగ్’, తాకినా తెలియకపోతే ‘నంబ్‌నెస్’. మనం రెంటినీ తిమ్మిరి అనే చెప్పేస్తాం. మధుమేహం ఉన్నవారి పాదాల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

ఛాతీ మీద బరువు పెట్టినట్టో, బిగించినట్టో ఉంటే ‘ప్రెషర్’, ‘టైట్‌నెస్’ అని మొదటే చెప్పండి. మీ అంతట మీరే ‘గ్యాస్’ అని తేల్చేయకండి. అది చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పడుతున్నా మాటలు వెతుక్కోకుండా వెంటనే అంబులెన్సుకు ఫోను చేయండి: మన దగ్గర 108, అమెరికాలో 911.