కెలింగ్ అంటే మన కళింగేనా? మరి మలేషియాలో అది తిట్టు ఎలా అయ్యింది?

మీరు అడిగింది రెండు ముక్కలు. మలేషియాలో ఇండియన్స్‌ని కెలింగ్ అంటారట, అది మన కళింగ నుంచి వచ్చిందేనా అని ఒకటి. అలా అయితే గర్వపడక అక్కడోళ్ళకి అంత కోపమెందుకు అని రెండోది. మొదటిదానికి అవును, చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువమంది చెప్పేది అదే. రెండోదానికి సమాధానం నేను నలుగురిలో చీవాట్లు తిన్నాకే తెలిసింది కాబట్టి అదే రాస్తున్నా, కాస్త పెద్దగా వస్తుంది, ఓపికుంటే చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పుడు శివరాత్రికి ముఖలింగం వెళ్ళేవాళ్ళం, వంశధారలో మునిగి తడి బట్టల్తోనే గుడికి పోవడం, ఇదేరా కళింగనగరం, గంగరాజులు ఇక్కణ్ణుంచే ఏలారు అని మా మాస్టారు చెప్తుంటే వినీ విననట్టు జీళ్ళు చప్పరించడం. మా వైపు కళింగ అన్నది ఊరి పేరులో ఉంటుంది, కులం పేరులో ఉంటుంది, పేపరోళ్ళు కళింగాంధ్ర అని రాస్తారు. ఆ మాట ఎక్కడైనా బూతు అవుతుందని కల్లో కూడా అనుకోం కదా.

తర్వాత మలేషియాలోని పెనాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని దొరికి నాలుగేళ్ళు ఉన్నా. వెళ్ళిన కొత్తలో జార్జిటౌన్ చూడ్డానికి పోతే పెద్ద మసీదు, బోర్డు మీద మస్జిద్ కపితాన్ కెలింగ్ అని ఉంది, ఆ వీధికీ అదే పేరు. 1801లో ఇండియా నుంచి వచ్చిన ముస్లిం వ్యాపారులు కట్టించిందట, కపితాన్ అంటే ఒక్కో జాతి వాళ్ళకి పెద్దమనిషిగా తెల్లోళ్ళు గుర్తించినవాడు. నాకైతే ఛాతీ ఉబ్బిపోయింది, మా కళింగ పేరు ఇంత దూరంలోనా అని ఫొటో తీసి ఇంటికి పంపించా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి షిఫ్ట్ అయిపోయి బయటికొస్తుంటే బైక్ పార్కింగ్ దగ్గర గొడవ. మాతో పనిచేసే ఒకన్న ఉండేవాడు, బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగోడు, వాళ్ళ తాతగారి తండ్రి విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళాడట. ఆయన బైక్ అడ్డంగా ఉందని ఎవడో అరిచాడు, నాకు మలయ్ అంతగా రాదు గానీ చివర్లో కెలింగ్ అన్న ముక్క మాత్రం వినపడింది. అన్న ఏమీ అనలేదు. హెల్మెట్ పెట్టుకుంటుంటే బకిల్ పడలేదు, రెండుసార్లు, మూడోసారి నేను పట్టుకుని పెట్టా.

ఇక్కడే నేను తెలివి చూపించా. మరుసటి రోజు మామక్ షాపులో, అంటే అక్కడి తమిళ ముస్లింల హోటల్లో, టే తారిక్ అనే పాల టీ తాగుతూ, అన్నా అది మంచి మాటే కదా, మా ఊరి పేరే, కళింగ రాజ్యం, అశోకుడు కూడా యుద్ధం చేసి బాధపడ్డాడు, వాడికి తెలీదు నిన్ను పొగిడాడని అని పెద్ద క్లాస్ పీకా. టేబుల్ దగ్గర ఇంకో ముగ్గురు తమిళ కుర్రాళ్ళు. ఆయన గ్లాసు కింద పెట్టి, తమ్ముడూ, ఏడేళ్ళప్పుడు బళ్ళో నా పక్కన కూర్చున్నోడు ముక్కు మూసుకుని ఈ మాట అన్నాడు, అప్పుడు నువ్వొచ్చి అశోకుడి కథ చెప్పలేదే అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప.

ఆ మాట పోయిన దారి తెలుసుకుంది అప్పుడే. పాత మలయ్ కథల్లో కెలింగ్ దేశం అంటే గొప్పోళ్ళ దేశం, ఓడలు, బట్టలు, డబ్బు. మలక్కా సుల్తానుల కాలంలో రేవులో వ్యాపారం చూసే షాబందర్లు నలుగురుండేవాళ్ళు, అందులో ఒకరి కింద కెలింగ్ వర్తకులు. 1511లో పోర్చుగీసోళ్ళు మలక్కా పట్టుకున్నాక నినా చాటు అనే కెలింగ్ వ్యాపారికి బెండహారా పదవి ఇచ్చారు, మంత్రి లాంటిది అనుకోండి. 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు మలక్కాలో ఇప్పటికీ ఉంది. అప్పటికి అది తిట్టు అయ్యుంటే దేవుడి ఇంటికి పెట్టుకోరు కదా.

మరి ఎప్పుడు చెడింది అంటే, ఓడ దిగే మనిషి మారినప్పుడు అంటాను నేను. పెనాంగ్ 1786లో ఇంగ్లీషోళ్ళ చేతికొచ్చింది, కొన్నేళ్ళకే ఇండియా నుంచి ఖైదీల్ని తెచ్చి రోడ్లు వేయించారు. తర్వాత చెరుకు, కాఫీ, రబ్బరు తోటలకి ఒప్పంద కూలీలు, అది 1910లో ఆగిపోయినా కంగాణీలు, అంటే తోటల మేస్త్రీలు, ఊళ్ళకొచ్చి మనుషుల్ని తీసుకెళ్ళడం 1938 దాకా నడిచింది. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచీ పోయారు గానీ ఎక్కువమంది తమిళులే. తోటలోనే లైన్ ఇళ్ళు, తోటలోనే కల్లు దుకాణం, జీతం రోజే సగం డబ్బులు అక్కడే, ఇక కల్లు తాగిన కెలింగ్ అని ఒక తిట్టు పుట్టింది. ఓడ మునిగిన కెలింగ్‌లా అరుస్తున్నారు అని ఇంకో సామెత, గోల చేసేవాళ్ళ మీద. చూడండి, ఒకప్పుడు ఓడల మీద బతికిన జనం సామెతలో మునిగిపోతూ మిగిలారు.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన సెన్సిటివిటీ అనుకునేవాళ్ళకి ఒక్క విషయం. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ అని ఉండేది, అక్కడి ఇండియన్స్‌కి ఆ పేరు అవమానంగా ఉండి 1920ల మొదట్లోనే దాన్ని చులియా స్ట్రీట్‌గా మార్పించుకున్నారు. ఇండోనేషియాలో మెడాన్‌లో ఉన్న కంపుంగ్ కెలింగ్‌ని కూడా ఇప్పుడు కంపుంగ్ మద్రాస్ అంటున్నారు.

అన్న వాళ్ళ తాత ఇంకో కథ చెప్పేవాడట, ఖైదీల కాళ్ళ సంకెళ్ళు క్లింగ్ క్లింగ్ మని మోగేవి కాబట్టి ఆ పేరొచ్చిందని. చాలామంది నమ్ముతారు కూడా. కానీ ఖైదీలు రావడానికీ, అంతకు ముందే పోర్చుగీసోళ్ళు రాసుకున్న కెలిన్ అన్న మాటకీ మధ్య దాదాపు మూడొందల ఏళ్ళ తేడా ఉంది, సంకెళ్ళ కథ నిలబడదు. నేను అన్నతో ఈ లెక్క చెప్పలేదు, ఒకసారి తిన్న చీవాట్లు చాలు.

పెనాంగ్‌లో ముసలి చైనీస్ ఆంటీలు హొక్కియెన్ అనే వాళ్ళ చైనీస్ భాషలో కిలింగా లాంటి మాటే వాడతారు, కూరగాయల షాపావిడ నన్నూ అలాగే పిలిచి రెండు పచ్చిమిరపకాయలు ఊరికే వేసేది. ఆవిడ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. తమిళ కుర్రాళ్ళకి మాత్రం వచ్చేది, వాళ్ళు అక్కడే పుట్టారు, నేను నాలుగేళ్ళకి తిరిగొచ్చేసేవాణ్ణి, ఆ తేడా ఉంది.

అసలు సిగ్గుపడే విషయం ఇంకోటుంది. ఓ రోజు మా అమ్మతో ఫోన్లో, రూమ్‌లో అందరూ అరవోళ్ళేనే, పొద్దున్నే సాంబారు వాసన అని నవ్వుతూ చెప్తున్నా, వెనకాల తమిళ రూమ్మేట్. వాడికి తెలుగు రాదు గానీ ఆ ఒక్క ముక్క పట్టుకున్నాడు. అరవం అంటే మా భాషలో గోల, పాముని కూడా అంటాం, నువ్వు మమ్మల్ని ఏది అన్నావ్ అని అడిగాడు. కాదురా అది మీ భాషకి మేం పెట్టుకున్న పాత పేరు, తప్పు అర్థం లేదు అన్నా. అంటూంటేనే తెలిసిపోయింది, మామక్ షాపులో అన్నకి చెప్పింది ఇదే కదా అని. తమిళనాట మనల్ని గొల్టి అంటే మాత్రం మనకి ఎక్కడో కాలుతుంది.

మన ఊరి పేరు పెట్టి అక్కడ తిట్లు తినేది ఎక్కువగా కళింగ మొహం కూడా చూడని తమిళులు, వాళ్ళని మనం ఇక్కణ్ణుంచి అరవోళ్ళంటాం.

పోయినేడాది ఆ అన్న పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ ఇండియా వచ్చాడు. ఊరు దొరకలేదు, పేరు తప్ప కాయితం ఏమీ లేదు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డాం, ఎదురుగా కళింగపట్నం అని బోర్డు పెట్టుకున్న బస్సొచ్చి ఆగింది. ఆయనకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు, ఏం రాశారు తమ్ముడూ అని అడిగితే చెప్పా. కాసేపు చూసి, బోర్డు పక్కన నిలబడి నాతో ఫొటో తీయించుకున్నాడు. స్టేటస్ పెట్టు అన్నా అంటే, మా వాళ్ళకి దాన్ని ఎలా చదివి చెప్పమంటావ్ అని ఫోన్ జేబులో పెట్టేసుకుని బస్సెక్కేశాడు.