హైడ్రోజన్ ఇంజిన్‌కు యూరియా ట్యాంకు దేనికి?

ప్రశ్న: హైడ్రోజన్ మండితే మిగిలేది నీరే అంటారు. అలాంటప్పుడు హైడ్రోజన్ లారీ ఇంజిన్‌కు కూడా ఎస్‌సీఆర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను యూరియా సాయంతో నత్రజని, నీరుగా మార్చే క్యాటలిస్ట్ వ్యవస్థ), యూరియా ట్యాంకు ఎందుకు?

జవాబు: ఇంధనంలో కార్బన్ లేకపోయినా, లోపలికి పీల్చే గాలిలో నత్రజని ఉంటుంది కదా. సిలిండర్‌లో వేడి దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే అది ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ (నైట్రోజన్ ఆక్సైడ్లు అనే కాలుష్యంలో ఒకటి) అవుతుంది.

దీనికి మొదటి విరుగుడు మిశ్రమాన్ని పల్చగా ఉంచడం. కిలో హైడ్రోజన్ మండడానికి సుమారు 34 కిలోల గాలి సరిపోతుంది. అంతకు రెండు, రెండున్నర రెట్లు ఇస్తే (లాంబ్డా 2 నుంచి 2.5; లాంబ్డా అంటే అవసరమైన గాలికి ఎన్ని రెట్లు ఇచ్చామన్నది) నైట్రోజన్ ఆక్సైడ్లు నామమాత్రమవుతాయి. లాంబ్డా 1.3 ప్రాంతంలో మాత్రం తారస్థాయికి చేరతాయి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఇంజిన్ అటువైపే జారుతుంది: ఇంధనం వెంటనే పెరుగుతుంది, టర్బో గాలి వెనకబడుతుంది. స్థిరమైన లోడు మీద తీసిన రీడింగులు చూసి ఎస్‌సీఆర్ అనవసరమనేవాళ్లు ఈ కాసేపటిని లెక్కలోకి తీసుకోరు.

నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కన గ్రాము నైట్రోజన్ ఆక్సైడ్లను తొలగించడానికి 32.5 శాతం యూరియా ద్రావణం సుమారు 2 గ్రాములు కావాలి. పల్చటి మిశ్రమంతో పొగ చల్లగా వస్తుంది. 200 డిగ్రీల లోపు యూరియా సరిగా విడిపోక నాజిల్, మిక్సర్ల మీద తెల్లగా గట్టిపడుతుంది కాబట్టి ఆ వేడి వచ్చేదాకా చిమ్మకూడదు. మండకుండా జారిపోయిన హైడ్రోజన్‌ను ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ మండించి కొంత వేడి ఇస్తుంది. అయితే అది ప్లాటినందై, ఇంకా చల్లగా ఉంటే, అదే హైడ్రోజన్ వల్ల నైట్రస్ ఆక్సైడ్ పుట్టవచ్చు. భూతాపం విషయంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు చెడ్డది.

ప్రశ్న: టెస్ట్ బెంచ్ మీద మా హైడ్రోజన్ ఇంజిన్‌కు ఎన్‌ఓఎక్స్ సెన్సర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) పదేపదే పోతోంది. సెన్సర్ నాసిరకమా?

జవాబు: ముందు నీటిని అనుమానించండి. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీరు పుడుతుంది. లాంబ్డా 2 దగ్గర పొగలో దాదాపు 19 శాతం ఆవిరే, 59 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. చల్లని స్టార్టింగులో పైపు గోడకు పట్టిన బొట్టు ఎగిరి సెన్సర్ లోపల హీటర్ వేడికి కాలుతున్న సెరామిక్ మీద పడితే అది చిట్లుతుంది. సెన్సర్‌ను పైపు పైభాగంలో బిగించండి, దాని ముందు నీరు నిలిచే వంపు లేకుండా చూడండి. పైపు గోడ 59 డిగ్రీలను బాగా దాటేదాకా హీటర్‌కు పూర్తి కరెంటు ఇవ్వకండి.

డిప్‌స్టిక్‌నూ తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీటి ఆవిరి క్రాంక్‌కేస్‌లోకి దిగుతోందన్నమాట, దాని వెంట హైడ్రోజన్ కూడా. గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకుంటుంది. క్రాంక్‌కేస్ వెంటిలేషన్‌ను సరిచేశాకే మళ్లీ నడపండి.