పెద్ద రాడార్ యాంటెన్నా టెస్టింగ్‌లో తప్పులు ఎక్కడ దూరతాయి?

నల్గొండలో ఈసీఈ చదివే తమ్ముడు అడిగింది ఇది: రీశాట్ లాంటి ఉపగ్రహ రాడార్ యాంటెన్నాను ఊరి బయట ఖాళీ జాగాలో పెట్టి కొలవలేమా, లోపల కొలిస్తే తప్పులు ఎట్లా వస్తాయి అని.

మాదీ ఆ జిల్లానే, మిర్యాలగూడ దగ్గర. కొన్నేళ్లు నియర్ ఫీల్డ్ చాంబర్‌లో, అంటే యాంటెన్నాను దగ్గర నుంచే కొలిచే గదిలో, పనిచేశాను.

2012లో పంపిన రీశాట్-1 యాంటెన్నా పొడవు 6 మీటర్లు, తరంగదైర్ఘ్యం 5.6 సెంటీమీటర్లు. పొడవు వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగించు, దాదాపు 1,300 మీటర్లు వస్తుంది. కొలిచే రెండో యాంటెన్నా కనీసం అంత దూరంలో ఉండాలి. జాగాకేం, మన వైపు బోలెడుంది. కానీ నేలకూ గుట్టలకూ తగిలి వచ్చే సిగ్నల్ కూడా రీడింగ్‌లో కలుస్తుంది. పైగా అంతరిక్షానికి పోయే వస్తువును ఆ దుమ్ములో ఎవరు పెట్టనిస్తారు?

అందుకే చాంబర్‌లో యాంటెన్నాకు దగ్గరగా ప్రోబ్‌ను, అంటే కొలిచే చిన్న యాంటెన్నాను, వరుసలుగా తిప్పి, ఆంప్లిట్యూడ్ (తరంగం బలం), ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో) రెండూ కొలిచి, దూరపు ప్యాటర్న్‌ను, అంటే దూరంలో ఏ దిక్కుకు ఎంత సిగ్నల్ పోతుందో, లెక్కగడతారు. ఇక్కడ ప్రోబ్ ముందుకో వెనక్కో 1 మిల్లీమీటరు తప్పినా ఫేజ్ 6 డిగ్రీలకు పైగా మారుతుంది. ప్రోబ్‌తో పాటు కదిలే కేబుల్ వంగినా, గంటలు గంటలు సాగే స్కాన్‌లో ఏసీ కాస్త అటూఇటూ అయినా ఫేజ్ జరుగుతుంది. ఆ జరుగుడు పట్టుకోవడానికి, చివర్లో వరుసలకు అడ్డంగా ఒక్క లైన్ గబగబా కొలిచి, పాత రీడింగ్‌లతో పోలుస్తాం.

నాయిస్ (రీడింగ్‌లో ఇష్టమొచ్చినట్టు వచ్చే చిన్న ఊగిసలాట) గురించి నాకెప్పుడూ టెన్షన్ లేదు, సగటు తీస్తే తగ్గుతుంది. అసలు తలనొప్పి ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పు. ప్రోబ్‌కు తగిలిన తరంగం యాంటెన్నాకు వెళ్లి మళ్లీ ప్రోబ్‌కే వస్తుంది. పదిసార్లు కొలిచినా అదే గ్రాఫ్, చూసేవాళ్లకు బ్రహ్మాండంగా ఉంటుంది! దీనికి మందు, ప్రోబ్‌ను పావు తరంగదైర్ఘ్యం, అంటే 14 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి ఇంకో స్కాన్ చేయడం. ఆ దూరానికి ఫేజ్ సరిచేసి రెండింటి సగటు తీస్తే, రానూపోనూ తిరిగిన తరంగం తలకిందులై చాలావరకు కొట్టుకుపోతుంది.

బరువుకు యాంటెన్నా ప్యానెళ్లు వంగడం వేరే గొడవ. కక్ష్యలో ఆ వంపు ఉండదు, కాబట్టి దాన్ని విడిగా లెక్కగట్టాలి.

తమ్ముడూ, మీ కాలేజీ ల్యాబ్‌లో ఎక్స్ బ్యాండ్ (10 గిగాహెర్ట్‌జ్ దరిదాపు మైక్రోవేవ్) బెంచ్ ఉండే ఉంటుంది. రెండు హార్న్‌లు (గరాటు ఆకారపు యాంటెన్నాలు) ఎదురెదురుగా, దగ్గరగా పెట్టి, ఒకదాన్ని మిల్లీమీటరు చొప్పున వెనక్కి జరుపుతూ రీడింగ్‌లు రాయి. 10 గిగాహెర్ట్‌జ్ అయితే ప్రతి 15 మిల్లీమీటర్లకోసారి ఎగుడుదిగుడు కనబడుతుంది. ఇందాక చెప్పిన తిరుగు తరంగం అదే.