చెయ్యి వెచ్చగా ఉంచుకుని వెళ్ళు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రుళ్ళు చెయ్యి తిమ్మిరెక్కి విదిలించుకుంటూ లేస్తున్నావనీ, గురువారం నరాలూ కండరాలూ ఎలా పనిచేస్తున్నాయో చూసే ఈఎంజీ టెస్టుకి ఒక్కదానివే వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి ముచ్చటేసింది. ఇన్నాళ్ళూ దాచినందుకు తిట్లు ఉన్నాయి, అవి ఎదురుపడ్డాక.

టిఫిన్ తినే వెళ్ళు. వదులు చేతుల కుర్తా వేసుకో. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టెయ్. ఆ పూట చేతికి నూనె, క్రీము తగలనివ్వకు. జిడ్డు మీద ఎలక్ట్రోడ్ సరిగా అతకదు, గ్రాఫు వణుకుతుంది.

ఇక నా అసలు భయం. చల్లటి చేత్తో బల్లెక్కకు. ఏసీ బస్సు దిగి, ఏసీ హాల్లో గంటసేపు కూర్చుంటే వేళ్ళు మంచుముక్కలవుతాయి. ఈ టెస్టు కొలిచేదేమో నరంలో సంకేతం పరిగెత్తే వేగం. అరచేతికొచ్చే మీడియన్ నరంలో అది సెకనుకి 50 మీటర్లయినా ఉండాలి. చెయ్యి ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు 2 మీటర్లు పడిపోతుంది. 33 డిగ్రీలుండాల్సిన చెయ్యి 28కి దిగిందనుకో, నిక్షేపంలాంటి నరం కూడా 40 దగ్గర కుంటుతుంది. కాగితం మీద 'కార్పల్ టనల్' అని, అంటే మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోయిందని, పడొచ్చు. ఆ కాగితం చూసి మణికట్టు కోస్తామంటే?

చలికి ఒక గుర్తుంది. వేగం తగ్గినా గ్రాఫులో లేచే అల ఎత్తు తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. పైగా చిటికెనవేలి అల్నార్ నరమూ అంతే మందగిస్తుంది. మణికట్టులో నొక్కుకున్నది మీడియనే అయితే అదొక్కటే వెనకబడాలి. అందుకని రెండూ పోల్చి చూడమను. "చెయ్యి టెంపరేచర్ ఎంతుందండీ?" అని అడుగు. 32 కంటే తక్కువుంటే గోరువెచ్చటి నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. అరచేతులు రుద్దుకుంటే చాలదు. పైచర్మం వేడెక్కినంత త్వరగా లోపలి నరం వేడెక్కదు. బళ్ళో మంచినీళ్ళడగడానికి కూడా మొహమాటపడేదానివి, ఇక్కడ మాత్రం నోరు తెరువమ్మా.

మొదట కరెంటు. మణికట్టు దగ్గర టక్కుమంటుంది, బొటనవేలు దానంతటదే ఎగురుతుంది. పెంచుకుంటూ పోతున్నారేమిటని కంగారుపడకు. అల ఇక పెరగదనేదాకా పెంచితేనే కొలత నిజం. మోచేతి దగ్గర కాస్త ఎక్కువ జిల్లుమంటుంది.

తర్వాత సూది. అందులోంచి కరెంటూ రాదు, మందూ రాదు, కండ చప్పుడు వింటుందంతే. చెయ్యి పూర్తిగా వదిలేస్తే స్పీకరు మూగబోవాలి. భయంతో బిగబట్టావో, ఆ నిశ్శబ్దం దొరక్క సూది ఇంకాసేపు లోపలే ఉంటుంది. బిగించమన్నప్పుడు రేకుల మీద వానలా పటపటలాడుతుంది, అది మామూలే. బొటనవేలి మొదట్లో ఉన్న కండలో గుచ్చినప్పుడే బాగా నొప్పి. ఓర్చుకోలేకపోతే ఆపమను, ఆపుతారు.

కండ దెబ్బతిందేమో చూసే సీకే రక్తపరీక్ష కూడా రాసుంటే సూదికి ముందే ఇచ్చెయ్, పోట్లకి అది పెరిగి కనిపించొచ్చు. రేపు మీ నాన్నని ఇదే టెస్టుకి తీసుకెళ్తే, ఆయన వాడే రక్తం పలచబడే మాత్రల సంగతి ముందుగా చెప్పండి. సొంతంగా మానిపించకండి.

రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన నీ తిమ్మిరి అబద్ధమైపోదు. తొలిదశలో ఒక్కోసారి దొరకదు. సూది గుచ్చినచోట రెండ్రోజులు కండ సలిపితే సలుపుతుంది.

రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు. అంకెల సంగతి తర్వాత, టెంపరేచర్ రాశారో లేదో ముందు చూస్తాను.

మీ పెద్దమ్మ