సంబంధం ఖాయం చేసుకునే ముందు కోర్టు రికార్డు చూడవచ్చునా?

ప్రశ్న: మాది పెందుర్తి. మా అమ్మాయికి చోడవరం దగ్గరి పల్లె నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. జాతకాలు కుదిరాయి, పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. తాంబూలాలు పుచ్చుకుందామని అనుకుంటున్న సమయంలో, ఆ ఊరితో రాకపోకలున్న బంధువొకరు "ఆ కుర్రాడి మీద ఒకప్పుడు ఏదో కేసు ఉండేది, కనుక్కోండి" అన్నారు. అప్పటి నుంచి మా ఆవిడకు నిద్ర లేదు. ఊళ్ళో వాకబు చేస్తే వాళ్ళ చెవిన పడుతుంది. పోలీస్ స్టేషన్‌లో అడిగితే చెబుతారా? నెట్‌లో చూసుకోవచ్చునా?
— ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: స్టేషన్‌కు వెళ్ళి ప్రయోజనం లేదు. ఒక మనిషి పేరు చెప్పి అతని నేరచరిత్ర మొత్తం తీయించుకునే ఏర్పాటు మన దేశంలో సామాన్యులకు లేదు. పోలీసులు వాడే సి.సి.టి.ఎన్.ఎస్. వ్యవస్థ గానీ, స్టేషన్‌లో ఉండే రౌడీషీట్లు గానీ బయటివారికి చూపించేవి కావు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టమని కొందరు సలహా ఇస్తారు గానీ, మరొకరి వ్యక్తిగత సమాచారమన్న కారణంతో సెక్షన్ 8 కింద తిరస్కరించే అవకాశమే ఎక్కువ. పైగా జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది.

కోర్టు రికార్డు సంగతి వేరు. మన న్యాయస్థానాలు బహిరంగంగా నడుస్తాయి కనుక, కోర్టుకు చేరిన కేసు వివరాలను ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైట్‌లో గానీ, అదే పేరుగల మొబైల్ యాప్‌లో గానీ ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ (ఒక ఊళ్ళోని కోర్టుల సముదాయం) ఎంచుకుని, 'పార్టీ నేమ్' దగ్గర పేరులోని కనీసం మూడు ఇంగ్లీషు అక్షరాలూ, సంవత్సరమూ ఇవ్వాలి. పెండింగ్, డిస్పోజ్డ్, బోత్ అనే మూడింటిలో 'బోత్' ఎంచుకోండి. లేకపోతే ముగిసిపోయిన కేసులు కనిపించవు. మీ బంధువు చెప్పినది 'ఒకప్పటి' కేసు కదా.

చాలామంది పొరబడేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలైంది. చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. కోర్టుల లెక్క మాత్రం పాత జిల్లా ప్రకారమే సాగుతున్నందున ఈ-కోర్ట్స్‌లో విశాఖపట్నం జిల్లాను ఎంచుకుని, ఆ కింద చోడవరం కాంప్లెక్స్‌ను చూడాలి. అనకాపల్లి అనే జిల్లా కోసం వెతికి, కనిపించక, కేసే లేదనుకోవడం తప్పు. చోడవరంతో ఆపకుండా అనకాపల్లి, యలమంచిలి, నర్సీపట్నం, గాజువాక, విశాఖపట్నం కాంప్లెక్సులు కూడా చూడండి. ఎందుకంటే కేసు నడిచేది మనిషి ఉన్న ఊరి కోర్టులో కాదు, సంఘటన జరిగిన చోటి కోర్టులో. కొన్ని నేరాలకు కోర్టు కూడా మారుతుంది. వాణిజ్య పరిమాణంలో, అంటే 20 కిలోలకు మించి గంజాయి దొరికితే, పట్టుబడినది ఏ మన్యపు దారిలోనైనా, ఆ కేసును ప్రత్యేక కోర్టే విచారించాలి.

సంవత్సరం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. 2020లో పోలీసులు నమోదు చేసిన కేసులో చార్జిషీటు పడి, కోర్టు దానిని ఫైలుకు తీసుకునేసరికి 2021 గానీ 2022 గానీ కావచ్చు. కోర్టు ఇచ్చే సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరుకు ఆ తరువాతి సంవత్సరమే ఉంటుంది. పెద్ద నేరమైతే మొదట పి.ఆర్.సి. నంబరుతో మేజిస్ట్రేటు దగ్గర ఉండి, సెషన్స్ కోర్టుకు వెళ్ళాక ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు పొందుతుంది. అది రెండు కేసులు కాదు, ఒక్కటే. అబ్బాయికి 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి ఒక్కొక్క సంవత్సరమే ఇచ్చి చూడండి. ఒక పూట పడుతుంది గానీ, ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

ఇక అసలు చిక్కు పేర్ల దగ్గర ఉంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో పెదనాన్న కొడుకూ చిన్నాన్న కొడుకూ ఒకే వీధిలో ఉంటారు. అప్పలనాయుడు అనే పేరును స్టేషన్‌లో రాతపని చేసే ఒక రైటరు ఒకే మాటగా, మరొక రైటరు రెండు మాటలుగా ఇంగ్లీషులో రాస్తారు. సత్యనారాయణలో 'త' తరువాత 'హెచ్' ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట ఉండదు. ఇంటిపేరు ముందు ఉండవచ్చు, వెనుక ఉండవచ్చు, పొడి అక్షరంగా మిగలవచ్చు. అందువల్ల పూర్తి పేరు కొట్టకుండా ఇంటిపేరులోని మూడు నాలుగు అక్షరాలు ఒకసారి, అసలు పేరులోనివి ఒకసారి ఇవ్వండి. వచ్చిన జాబితాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున ఫలానా స్టేషన్ ఎస్.హెచ్.ఓ. (స్టేషన్ అధికారి) ఒకవైపు, నిందితుని పేరు మరొకవైపు కనిపిస్తాయి. నిందితులు పలువురైతే పైకి కనిపించేది సాధారణంగా మొదటివాని పేరే. 'వ్యూ' నొక్కి కేసు తెరిస్తే మిగిలిన పేర్లు, స్టేషన్, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, చట్టం, సెక్షన్లు, ఆ కేసుకు మాత్రమే ఉండే 16 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య అయిన సి.ఎన్.ఆర్. నంబరు దొరుకుతాయి.

సెక్షన్ అంకె చూసి గుండె బాదుకోకండి; ముందు అది ఏ చట్టంలోని సెక్షనో చూడండి. 2024 జూలై 1 నుంచి ఐ.పి.సి. (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత ఐ.పి.సి.లో 324 అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. కొత్త సంహితలో అదే 324 ఆస్తికి నష్టం కలిగించడం. భార్యను భర్త, అత్తింటివారు హింసించడానికి సంబంధించిన పాత 498ఎ ఇప్పుడు 85, మోసానికి సంబంధించిన పాత 420 ఇప్పుడు 318(4). వివాహ విషయంలో 498ఎ గానీ 85 గానీ కనిపిస్తే మాత్రం అది ఇంతకు ముందు పెళ్ళికి సంబంధించినదా, లేక అన్న భార్య పెట్టిన కేసులో మరిది పేరు చేరినదా అన్నది తేల్చుకోకుండా ముందుకు వెళ్ళవద్దు.

కేసు ముగిసి ఉంటే ఎలా ముగిసిందన్నది 'నేచర్ ఆఫ్ డిస్పోజల్' అన్న వరుసలో ఉంటుంది. ఈ ఒక్క వరుస చదవకుండా సంబంధాలు చెడగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అందుకే గట్టిగా చెబుతున్నాను. నిందితుడు అంటే దోషి కాదు. గట్టు తగాదాలో నలుగురు కొట్టుకుంటే, అవతలి పక్షం ఇంటిల్లిపాది పేర్లూ ఫిర్యాదులో రాయించడం, ఇవతలి పక్షం ఎదురు కేసు పెట్టడం, రెండేళ్ళకు లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీ పడడం మన పల్లెల్లో నిత్యం జరిగేదే. కాలేజీకి వెళ్ళే కుర్రవాడి పేరు కూడా అలా ఎక్కి ఉండవచ్చు. రాజీ అయిందా, నిర్దోషి అని తీర్పు వచ్చిందా, శిక్ష పడిందా అన్నది చూడండి. తీర్పు అప్‌లోడ్ అయి ఉంటే అక్కడే దిగుమతి చేసుకుని మొదటి పుట చదవండి. నిందితుని తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు ఆ పుటలోనే ఉంటాయి. ఆ నాలుగూ సరిపోతేనే అతడు మీరు అనుకుంటున్న అబ్బాయి. తీర్పు నెట్‌లో లేకపోతే, కారణం చూపుతూ ఆ కోర్టులో నకలు దరఖాస్తు వేయాలి. మీరు కేసులో పార్టీ కారు గనుక స్థానిక న్యాయవాది ద్వారా వేయించడం మంచిది.

చార్జిషీటు పడని కేసు ఈ-కోర్ట్స్‌లో సి.సి. నంబరుతో కనిపించదు. దానికి రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో ఎఫ్.ఐ.ఆర్.లు చూడాలి, ఇక్కడ మాత్రం జిల్లా అనకాపల్లి. ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో నెట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది కనుక అవి అక్కడ కనిపించవు. చార్జిషీట్లను అలా బహిరంగపరచనవసరం లేదని 2023లో అదే న్యాయస్థానం చెప్పింది. 18 ఏళ్ళు నిండకముందు జరిగిన వాటి జోలికి వెళ్ళకండి. అలాంటి రికార్డులు బయటపెట్టకుండా 2015 నాటి బాలల న్యాయ చట్టం రక్షణ ఇచ్చింది, అది న్యాయమైనదే.

ఏదైనా దొరికితే సి.ఎన్.ఆర్. నంబరు రాసుకుని, నలుగురిలో కాకుండా అబ్బాయిని ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడగండి. దాచకుండా చెప్పే మనిషా కాదా అన్నది కూడా మీకు ఆ కాస్సేపట్లోనే తెలుస్తుంది.

ప్రశ్న: మాకు వచ్చిన వరుడు ఎనిమిదేళ్ళుగా అమెరికాలో, పెద్ద నగరాలకు దూరంగా ఒక పల్లెటూరి కౌంటీలో ఉంటున్నాడు. అక్కడి కేసులు విశాఖ నుంచి చూడగలమా?
— ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: చాలావరకు చూడవచ్చునమ్మా. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటి పాలనా విభాగం. అలాంటివి అక్కడ మూడు వేలకు పైగా ఉన్నాయి. నేరాల కేసులు ఎక్కువగా రాష్ట్ర చట్టాల కింద నడుస్తాయి కనుక, రికార్డు ఆ కౌంటీ కోర్టు క్లర్కు ఆఫీసులో ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు అన్ని కౌంటీల కేసులనూ ఒకే వెబ్‌సైట్‌లో ఉంచుతాయి. ముందు అది చూడండి. ఫెడరల్ కేసులు, అంటే అక్కడి కేంద్ర చట్టాల కింద నడిచేవి, పేసర్ అనే వేరే వ్యవస్థలో, పుటకు పది సెంట్ల రుసుముతో దొరుకుతాయి. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. దగ్గరి రికార్డును మీరు తెప్పించుకోలేరు. అబ్బాయి తనది తాను తెప్పించుకోగలడు. డబ్బు తీసుకుని క్షణాల్లో 'చరిత్ర' అమ్మే ప్రైవేటు సైట్లు ఒకే పేరున్న వేరువేరు మనుషులను కలిపేస్తాయి, వాటిని ఆధారం చేసుకోవద్దు. తాగి కారు నడపడం అక్కడ చాలా రాష్ట్రాల్లో నేరమే గనుక ట్రాఫిక్ కేసుల విభాగాన్ని కూడా చూడండి.

చిన్న కౌంటీల్లో పాత రికార్డు నెట్‌లో లేకపోవచ్చు. అప్పుడు క్లర్కు ఆఫీసుకు ఉత్తరం గానీ ఈమెయిల్ గానీ రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ వరుసలో ఉన్నాయో అలాగే ఒకసారి, తారుమారు చేసి ఒకసారి ఇచ్చి, రెండింటికీ వెతకమని కోరండి. మన పేర్లు అక్కడ తలకిందులుగా నమోదు కావడం మామూలే. వాటితో పాటు పుట్టిన తేదీ తప్పక రాయండి. అది లేకపోతే, పేరు సరిపోయినా ఆ కేసు ఇతనిదేనని క్లర్కు చెప్పలేరు.